ఎక్కలేదని చెప్పిన రీలు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, ఆ మాట మాత్రం కిందికీ దిగదు, పైకీ రాదు. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ "కాఫీ తాగుతారా" అని అడిగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతానేమో.

నేను దొంగతనం చేయలేదు. మొదట్లో నాకు నేను ఇలాగే చెప్పుకునేవాణ్ణి. ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు, ఎవరి ఇల్లూ దోచుకోలేదు. ఒక ముసలాయనకు ఒక అబద్ధం చెప్పాను. ఆయన తన చేతుల మీద, తన చూపు మీద పెట్టుకున్న నమ్మకాన్ని ఆ అబద్ధం తినేసింది. అందుకు ప్రతిఫలంగా నాకొక కెమెరా దక్కింది. అంతే. అంతేనా? అంతే అయితే ఇప్పటికీ దుకాణం ముందు ఆయన కొడుకు స్కూటరు ఆగిన చప్పుడు వినగానే నా చేతులెందుకు చల్లబడతాయి?

మొదటినుంచి చెబుతాను. మధ్యలో తప్పించుకోవడానికి చూస్తే మీరే పట్టుకోండి.

తిరుపతిలో మాది కళ్ళద్దాల దుకాణం. మా నాయన పెట్టింది, ఆయన తర్వాత నాకు వచ్చింది. ముందు గదిలో అద్దాల బీరువాలు, రోడ్డు వైపు పెద్ద గాజు తలుపు. వెనక చూపు పరీక్షించే చీకటి గది. ఈ చీకటి గదిని గుర్తుపెట్టుకోండి. లెన్సుల కోసం నెలకోసారి మద్రాసు వెళ్ళేవాణ్ణి. అక్కడ పాత సామాన్ల అంగడిలో ఒకసారి ఒక కెమెరా చేతిలోకి తీసుకున్నాను. చూడటానికి జర్మనీ వాళ్ళ పేరుమోసిన చిన్న కెమెరాలాగే ఉంది, కానీ అది కాదు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఇటలీలో చిన్న చిన్న కార్ఖానాల వాళ్ళు ఆ జర్మనీ కెమెరాను ముందు పెట్టుకుని, చూసి చూసి, తామూ అలాంటివి చేశారట. కొందరు మక్కికి మక్కి దించారు. కొందరు దించుతూనే ఎక్కడో ఒకచోట తమ సొంత తెలివి కలిపారు. ఎక్కువ కాలం నడవలేదు, మూతబడ్డారు. అసలు కెమెరాను దాచుకునేవాళ్ళు లోకమంతా ఉన్నారు. నాకు మాత్రం ఈ నకళ్ళ మీద మోజు పుట్టింది. ఎక్కడ కలిపారు, ఎక్కడ తప్పారు, ఎక్కడ గురువును మించారు అని వెతకడంలో ఒక మత్తు ఉంది. విదేశీ పత్రికలు తెప్పించుకుని చదివేవాణ్ణి. తొంభైల నడిమికి నా దగ్గర ఒక బీరువా అర నిండింది. మా ఆవిడ వాటిని "మీ ఇనప పిల్లలు" అనేది. తన పిల్లలకు లేని మెత్తటి గుడ్డ నా ఇనప పిల్లలకు ఉందని ఆమె ఫిర్యాదు.

ఆ కెమెరాల్లో ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే నడిమిలో మనిషి రెండుగా కనిపిస్తాడు. రింగు మెల్లగా తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఒకటైనప్పుడు మీట నొక్కాలి. అప్పుడే ఫోటో స్పష్టంగా వస్తుంది. దీన్నే రేంజ్‌ఫైండర్ అంటారు. మీకింతకన్నా తెలియనక్కర్లేదు.

మునిరత్నం నాతో బడిలో చదివినవాడు. రేణిగుంటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. వాళ్ళ నాయన చెంగల్రాయుడు. నేను పెదనాయనా అనేవాణ్ణి. ఆయన పుత్తూరు వైపు ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయి, తిరుపతిలో కొడుకు దగ్గర ఉండేవాడు. రిటైరయినా వీధివాళ్ళు వదల్లేదు. జ్వరం వస్తే సూది ఆయనే వేయాలి. ఆయన చేతి సూదికి పసిపిల్లలు కూడా ఏడవరని పేరు. ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఇటలీ డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ తన కెమెరా ఆయనకిచ్చింది. అదే ఆ కెమెరా. ఆయన దాన్ని పంచె కొంగుతో తుడిచి, బట్టలో చుట్టి, పండగలకూ పెళ్ళిళ్ళకూ తీసేవాడు. వీధిలో ఆయన తీయని మొహం లేదు.

ఒక్క మొహం తప్ప. ఆయన భార్య మొహం. ఫోటో దిగితే ఆయుస్సు తరుగుతుందని ఆమె నమ్మకం. కెమెరా చూస్తే చాలు, కొంగు మొహానికి అడ్డం పెట్టేది. ఆయన తీసిన వాటిలో ఆమె ఎక్కడైనా ఉంటే అది ఒక వీపు, లేదా ఒక కొప్పు, లేదా "పోవయ్యా" అంటున్న ఒక చెయ్యి. ఆ వీపుల ఫోటోలన్నీ నాకు చూపించి నవ్వేవాడు. ఇంత చేసీ ఆ నమ్మకం ఆమెను కాపాడలేదు. ఒక వేసవిలో గుండెనొప్పితో పోయింది. ఇంట్లో దండ వేయడానికి ఫోటో లేదు. పీట మీద పసుపు ముద్ద పెట్టి దండం పెట్టుకున్నారు.

ఆమె పోవడానికి కొద్ది నెలల ముందు మునిరత్నం స్కూటరు మీదనుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు అతికించే పుత్తూరు కట్టు కట్టించారు. వాడు మళ్ళీ తిన్నగా నడిస్తే గంగజాతరలో ఆడవేషం కట్టిస్తానని వాళ్ళమ్మ మొక్కుకుంది. మా తిరుపతి వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెబుతాను: జాతరలో మగవాళ్ళు చీర కట్టి, గాజులు తొడిగి, పూలు పెట్టుకుని అమ్మవారి దగ్గరికి వెళతారు. వేళాకోళం కాదది, మొక్కు. వాడు నడిచాడు. మొక్కుకున్న తల్లి లేదు. మరుసటి జాతరకు తల్లి చీరే కట్టుకుని, తల్లి ముక్కుపుడకే పెట్టుకుని మునిరత్నం మొక్కు తీర్చాడు. నేనా రోజు మద్రాసులో ఉన్నాను, చూడలేదు. చూసినవాళ్ళందరూ ఒకటే మాట చెప్పారు. వాడికి తల్లి పోలిక ముందే ఉంది. చీర కట్టి గడపలో నిలబడేసరికి మేనత్త ఒకామె వదినా అని పిలిచి ఏడ్చేసిందట. అప్పుడు పెదనాయన లోపలికి వెళ్ళి కెమెరా తెచ్చాడు. ఆమె ఏనాడూ కెమెరా వైపు తిప్పని మొహాన్ని కొడుకు తిప్పి నిలబడ్డాడు. ఆయన తీశాడు.

అప్పటికే ఆయన కళ్ళకు నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అనే జబ్బు. మొదట పట్టుకున్నది నేనే, మా దుకాణంలోనే. కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను. చుక్కల మందు వేసుకుంటున్నాడు, కానీ చూపు అంచులనుంచి తరుగుతూ వస్తోంది. ఆ ఫోటో కోసం ఆయన ఎంత ఆత్రంగా ఉన్నాడో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. కనబడుతున్నప్పుడే చూసుకోవాలి.

రీలు అయిపోయాక వెనక్కి చుట్టే గుండీ బిగుసుకుపోయింది. పాత కెమెరా, నూనె ఎండిపోయి ఉంటుంది. మునిరత్నం దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. "నాయన తెరవొద్దన్యాడు. లోపల రీలుండాది. నీ చీకటి గదిలో తీసి, కడిగించేదానికి ఇయ్యమన్యాడు" అని చెప్పి, ఆఫీసుకు టైమైందని వెళ్ళిపోయాడు. స్పష్టంగా చెప్పాడు. నేను స్పష్టంగా విన్నాను. ఇందులో పొరపాటుకు చోటు లేదు.

ఇక్కడినుంచి దాటేసి పోవాలని ఉంది. అయినా రాస్తాను.

చేతిలో ఆ కెమెరా ఉంది. అంతకుముందు దాన్ని దూరంగా ఆయన ఒళ్ళో చూడటమే తప్ప ముట్టుకోలేదు. తిప్పి చూశాను. ఇటలీదే. జర్మనీ కెమెరాకు అడుగున ఒక మూత మాత్రమే ఊడుతుంది, రీలు కిందినుంచే వేయాలి. ఇటలీ వాళ్ళలో ఒక చిన్న కార్ఖానా వాళ్ళు మాత్రం అడుగు మూతతో పాటు వెనక పలకంతా ఊడి వచ్చేలా చేశారని పత్రికలో చదివాను. అలాంటివి మిగిలినవి బహు తక్కువట. ఇది ఆ రకమేనా? అతుకు సన్నగా కనిపిస్తోంది. కనిపించీ కనిపించనట్టు ఉంది. చీకటి గది నా వెనకే ఉంది. తలుపు తీస్తే చాలు. కానీ చీకట్లో రీలు తీయగలను, అతుకు ఎలా ఉందో చూడలేను. చూడాలి. రీలు తీశాక చూడొచ్చు కదా? చూడొచ్చు. అదే కదా నన్ను ఇన్నేళ్ళు తింటున్నది. కాసేపాగితే తీరే కుతూహలం. అడుగు మూత కొంచెం, వెంట్రుకవాసి కదిలిస్తే అది ఒక్కటే వస్తుందో, పలక కూడా వస్తుందో తెలిసిపోతుందని, అంతలోనే మూసేయొచ్చని అనుకున్నాను.

గడియ తిప్పాను. బిగుసుకున్న కెమెరా కదా, కొంచెం గట్టిగా లాగాను. మొత్తం పలక చేతిలోకి వచ్చింది.

మధ్యాహ్నం ఎండ గాజు తలుపులోంచి నేరుగా బల్ల మీద పడుతోంది. రీలు ఆ ఎండలో నిగనిగలాడుతూ నిండుగా, బిగువుగా చుట్టుకుని ఉంది. మొదట కలిగింది భయం కాదు. ఆ రకమే, ఆ రకమే అని లోపల ఎవరో ఎగిరి గంతేశారు. సంతోషం ముందు, భయం వెనక. ఈ వరస ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఆ తర్వాత పలక మూసి చీకటి గదిలోకి పరుగెత్తాను. అప్పుడు పరుగెత్తి ఏం లాభం?

చీకట్లో రీలు విప్పి తీశాను. కొస చక్రానికి చక్కగా పట్టుకుని ఉంది. చూపు పోతున్న మనిషి వేసిన రీలు అది. నా వేళ్ళకు ఒక్క మడత తగల్లేదు. లోపలి చుట్లు బాగానే ఉండొచ్చని కూడా నాకు తెలుసు. మొదట తీసినవి లోపలికి పోతాయి, పై చుట్లు వాటిని కప్పుతాయి. ఆయన కొత్త రీలు వేసి మొదట తీసింది మునిరత్నం వేషమే. ఆ రోజే కడిగించి ఉంటే? కడిగిస్తే పై సగం నల్లగా వస్తుంది. ఏమైందని అడుగుతారు. తెరిచానని చెప్పాలి. అంత గట్టిగా చెప్పినా ఎందుకు తెరిచావంటే? నీ కెమెరా మీద మోజుతో అని చెప్పాలి. ఊళ్ళో నాకు జాగ్రత్త మనిషినని పేరు. అద్దం మీద గీత పడితే నా డబ్బుతో మార్చి ఇచ్చేవాణ్ణి. ఆ పేరు నాకు ముద్దు. రీలును ఒక కళ్ళద్దాల డబ్బాలో పెట్టి, దానికి నల్లగుడ్డ చుట్టి, సొరుగులో వేసి తాళం పెట్టాను. ఆ రాత్రంతా మాటలు కూర్చుకున్నాను.

మరుసటి ఉదయం ఇద్దరూ వచ్చారు. పెదనాయన కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కి, చూపు పరీక్షకు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ రోజే ఫోటో చేతికి రాదని ఆయనకూ తెలుసు, అయినా శుభకార్యానికి వచ్చినట్టు వచ్చాడు.

"ఏమబ్బయ్యా, తీసినావా? ఆ పచ్చ పట్టుచీర బొమ్మ ఎట్లొస్తాదో సూడాల. రంగు పడదులే, నలుపు తెలుపు రీలు గదా. పడకపోయినా నాకు తెలుసు. అరిటాకు పచ్చ, కుంకుమ అంచు. పెండ్లయినంక నేను తెచ్చిన మొదటి చీర."

"పెదనాయనా, రీలు ఎక్కలేదు" అన్నాను.

"ఎక్కలేదంటే?"

"కొస చక్రాన్ని పట్టుకోలేదు. పైన తిరిగినట్టే ఉండాది, లోపల రీలు కదల్లేదు. ఒక్క బొమ్మ గూడా పళ్ళేదు."

మునిరత్నం వాళ్ళ నాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెదనాయన గాలిలోనే గుండీ తిప్పి చూపించాడు.

"అట్లెట్లయితాది? నేనే గదా ఏసింది. ఈ పక్క తిప్పినప్పుడంతా ఆ పక్క గుండీ గూడా తిరిగె. రీలు ఎక్కకపోతే అది తిరగదు గదా. నేను సూసినానే."

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. రీలు ఎక్కిందనడానికి అదే గుర్తు. నేను కూర్చుకున్న మాటల్లో దీనికి జవాబు లేదు. అప్పుడు నా నోటినుంచి ఆ మాట వచ్చింది. అబద్ధాలన్నిటిలోకీ నన్ను పట్టి పీడిస్తున్న మాట అదే.

"కండ్లకు అట్ల అనిపించి ఉంటాది పెదనాయనా."

నీటికాసులు వచ్చినవాళ్ళకు చుట్టుపక్కల చూపు పోతుంది కానీ, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. ఇది నాకు తెలుసు. నేను కళ్ళద్దాలవాణ్ణి. ఆయన నడిమి చూపు ఎంత బాగుందో ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి చూసినవాణ్ణి. గోడ మీది అక్షరాలు అడుగు వరసదాకా చదివాడు. తెలిసీ అన్నాను. నన్ను నమ్మాలి కాబట్టి ఆయన తన కళ్ళను నమ్మడం మానుకున్నాడు. డాక్టరు చెప్పినంత నమ్మకంగా నేను చెప్పాను.

"అయితే రీలు అట్నే ఉంటాదే" అన్నాడు. "ఇయ్యి. ఇంగోతూరి ఏసుకుంటా."

"తెరిసినప్పుడు ఎలుతురు తగిలింది. పనికిరాదు." అంత పెద్ద అబద్ధం మధ్యలో ఈ ఒక్కటే నిజం.

"పోనీలే నాయనా" అన్నాడు మునిరత్నం. "వచ్చే జాతరకు మళ్ళా కట్టుకుంటా."

"కట్టుకోగూడదురా. మీ అమ్మ మొక్కింది ఒక్కతూరికి. అది తీరిపాయ. ఫోటో కోసరం కడితే అది వేసమవుతాది, మొక్కు గాదు. అమ్మవారితో ఆటలా?"

తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే కదిపాడు. ఆ తర్వాత లేచాడు.

"కెమెరా నీకాడే ఉండనీ అబ్బయ్యా. నీకు ఇట్టాంటివంటే ప్రాణం గదా. నాకింక యాల."

వద్దనలేదు. వద్దనడానికి నోరు తెరిచినట్టు గుర్తు, కానీ వద్దనలేదు. వాళ్ళు మెట్లు దిగుతుంటే బల్ల మీది కెమెరా వైపే చూస్తున్నాను. సంతోషం వేసింది. సిగ్గులేకుండా ఉన్నదున్నట్టు చెబుతున్నాను, సంతోషం వేసింది.

తర్వాత ఏం జరిగిందో మునిరత్నం ద్వారానే తెలుస్తూ వచ్చింది. వాడికి ఏమీ తెలియదు కాబట్టి ఏమీ దాచుకోకుండా చెప్పేవాడు. పెదనాయన సూదులు వేయడం మానేశాడు. ఎవరైనా పిల్లను ఎత్తుకొస్తే, నా చేతులు నమ్మేదానికి లేదమ్మా, ఆసుపత్రికి పోండి అని పంపేసేవాడట. గడ్డం గీసుకోవడం మానేసి మంగలిని పిలిపించుకునేవాడు. కంటి చుక్కలు కోడలు వేసేది. కళ్ళింకా కనిపిస్తున్న రోజుల్లోనే ఇవన్నీ మానుకున్నాడు. ఒక్కోటి వింటూ, "వయసు కదా" అనేవాణ్ణి. వయసు కదా! నేను చేసిన పనికి వయసు పేరు పెట్టాను.

ఇక ఆ కెమెరా. దాన్ని చూసుకుని మురిసిపోయింది ఎంతోకాలం లేదు. పత్రికవాళ్ళకు రాస్తే అచ్చువేసేవాళ్ళు, రాయలేదు. ఎక్కడిది, ఎవరిచ్చారు అని అడుగుతారు. మద్రాసునుంచి ఇలాంటి పిచ్చే ఉన్న ఒకాయన నా బీరువా చూడటానికి వచ్చినప్పుడు దాన్ని దాచేశాను. పండక్కి బీరువా సర్దుతూ మా ఆవిడ సొరుగు తాళం అడిగితే కసురుకున్నాను. మునిరత్నం అద్దాలు మార్పించుకోవడానికి వస్తే, బల్లకు ఇవతల సొరుగుకు అడ్డంగా నిలబడి, వాడి మొహం కొలతలు తీసేవాణ్ణి. వాడి మొహంలో వాళ్ళమ్మ ఉందట. ఆమె మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ పోలిక తెలియాల్సినవాడు ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

రీలు ఎందుకు పారేయలేదు? చాలాసార్లు అడుక్కున్నాను. పారేస్తే పీడ విరగడయ్యేది. కడిగించలేదు, పారేయలేదు. కడిగిస్తే ఏమీ రాలేదనుకోండి, అప్పుడు నా అబద్ధం సగం నిజమైపోతుంది, హాయిగా నిద్రపోవచ్చు. ఏమైనా వచ్చిందనుకోండి? ఆ రెండోదానికి భయపడి ఏళ్ళు గడిపాను.

రెండువేలు దాటి కొన్నేళ్ళకు ఊళ్ళో స్టూడియోలన్నీ కొత్తరకం కెమెరాలకు మారిపోయాయి. నలుపు తెలుపు రీళ్ళు కడిగేవాళ్ళు కరువయ్యారు. చిత్తూరులో ఒక ముసలి స్టూడియో ఆయన, ఉన్న మందు అయిపోతే ఇక కలపనని అన్నాడని ఎవరో చెప్పారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. తిరుపతిలో ఎవరి కంటా పడకూడదని నాకూ చిత్తూరే కావాలి. బస్సెక్కాను. దారంతా డబ్బాను జేబులో పట్టుకునే కూర్చున్నాను.

పై చుట్లన్నీ నల్లగా మాడిపోయాయి. లోపలి చుట్టులో ఒకే ఒక్క బొమ్మ మిగిలింది. అంచుల్లో వెలుతురు పాకి మంచులా ఉంది, నడిమిలో మాత్రం అంతా ఉంది. గడపలో నిలబడిన ఒక ఆడమనిషి. ముక్కుపుడక, మల్లెపూలు, నవ్వు ఆపుకుంటున్న పెదవులు. నేను వాడితో బడికి వెళ్ళినవాణ్ణి, అయినా మునిరత్నమని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. స్టూడియో ఆయన భూతద్దం పెట్టి చూసి, తీసినాయన ఎవరోగానీ రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు అన్నాడు. రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా ఆగి నొక్కాడు పెదనాయన. ఆయన కళ్ళు తప్పలేదు. ఆయన చేతులు తప్పలేదు. నేను ఆ స్టూడియో మెట్ల మీద కూర్చుండిపోయాను.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అప్పటికి పెదనాయన బతికే ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. ఫోటో ఆయన చూడలేడు, నిజమే. కానీ చెవులు బాగున్నాయి. "రీలు ఎక్కింది పెదనాయనా, బొమ్మ పడింది, నేనే పాడుచేశాను" అని ఒక్క మాట చెబితే చాలు. ఆయన చేతులు ఆయనకు తిరిగి దొరికేవి. ఫోటో చొక్కా జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా దగ్గు విని గుర్తుపట్టాడు. ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగినంత మామూలుగా, "అబ్బయ్యా, కెమెరా బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది పెదనాయనా" అన్నాను.

కోడలు కాఫీ తెచ్చింది. తాగాను. ఎండలు ముదిరాయని మాట్లాడుకున్నాం. జేబులో ఫోటో మూల గుండెకు గుచ్చుకుంటూనే ఉంది. ఆయన రెండు చేతులూ పని లేకుండా ఒళ్ళో పడి ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. ఇంకోసారి చెబుదాం, మునిరత్నం ఇంట్లో లేనప్పుడు చెబుదాం, ఈమె లోపలికి వెళ్ళాక చెబుదాం. ఆమె లోపలికి వెళ్ళింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

ఆ వానాకాలంలో ఆయన పోయాడు. ఆ కుర్చీ ముందు కూర్చుని నేను చేసిందానికి ఎండ తగిలిందనో, మూత జారిందనో సాకు ఏదీ లేదు.

కర్మంతరాలయ్యాక మునిరత్నం దుకాణానికి వచ్చి ఒక మాట చెప్పాడు. చివరి రోజుల్లో వాళ్ళ నాయన నవ్వుతూ అనేవాడట: "మీ అమ్మ ఫోటో దిగనని పంతం పట్టె. పోయినంక గూడా ఆయమ్మే గెలిసింది." అలా సర్దిచెప్పుకున్నాడు. తన చేతులు పోయినా, భార్య పంతం గెలిచిందని. మునిరత్నం కూడా నవ్వుతూనే చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూ. నేను నవ్వానా? నవ్వే ఉంటాను. వాళ్ళకు ఆ కథ సరిపోయింది. దాన్ని చెడగొట్టే హక్కు నాకెక్కడిది అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సాకే. వాళ్ళ మనశ్శాంతి నాకెప్పుడూ పట్టలేదు, నా పేరు పట్టింది.

క్షమించమని ఎవరినీ అడగను. అడగాల్సిన మనిషి లేడు. మునిరత్నాన్ని అడిగితే క్షమించేస్తాడేమో. వాడి గుణం నాకు తెలుసు, అందుకే అడగడానికి భయం. రాస్తుంటే మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి గుటక తేలిగ్గా పడుతోంది.

ఇందులో పేర్లన్నీ మార్చాను. నేను మునిరత్నం అన్నవాడి పేరు మునిరత్నం కాదు. వాడు పత్రికలు చదవడు. వాడి భార్య మాత్రం ఈ పత్రికను వారం వారం ఒక్క పేజీ వదలకుండా చదువుతుంది, బాగున్నవి వాడికి వినిపిస్తుంది. ఆమె చదువుకునే కళ్ళద్దాలు నేనే చేసిచ్చాను. ఫోటోలో రంగు లేదు, ఆ చీర ఏ రంగో ఆ ఇంట్లోవాళ్ళకే తెలుసు. అది మారుద్దామని రెండుసార్లు కొట్టేశాను. మళ్ళీ ఉన్నదే రాశాను. అరిటాకు పచ్చ, కుంకుమ అంచు.